రూజ్వెల్టువారి యింటిపేరు

అమెరికా సంయుక్తరాష్ట్రముల అధ్యక్షపదవికి నాలుగు పర్యాయములు ఎన్నికైన ఏకైక పురుషుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్టు 1933లోను, 1937లోను, 1941లోను, 1945లోను ప్రమాణస్వీకారము చేసినప్పుడు చేయి మోపిన గ్రంథ మొక్కటియే. అది 1686లో డచ్చి భాషలో అచ్చుపడిన బైబిలు. ఆయన పూర్వులు తరతరములుగ భద్రపరచుకొని, తమ యింట కలిగిన జననములను అందులో వ్రాసి యుంచుకొన్న కుటుంబగ్రంథము. దేశమందలి బ్యాంకులు మూతపడి, కోటికి మించిన జనులు పని లేక అలమటించుచున్న 1933 మార్చి నెలలో, పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి లేఖలో ప్రేమను గూర్చి చెప్పు పదుమూడవ అధ్యాయమును తెరపించి, ఆ పుటపై చేయి యుంచి ఆయన ప్రమాణము చేసెను. ఆంగ్లేతరభాషలోని బైబిలుపై ప్రమాణము చేసిన అధ్యక్షుడు ఆయన యొక్కడే. అట్టి పుస్తకమును అంత ఆదరముతో దాచుకొన్న కుటుంబమువారు తమ యింటిపేరు పుట్టుక విషయములో ఎంతవరకు తెలియునో అంతవరకే చెప్పి ఊరకుండిరి. ఇంటిపేరు వినగానే మనిషి కులమును, కలిమిని, గుణమును గూడ తూచివేయుటకు అలవాటుపడిన మనకు ఆ పేరు కథలో నేర్వదగిన దెంతో కలదని నా విశ్వాసము.

రెండువందల సంవత్సరములకు పైగ ఆ వంశమువారు నివసించిన న్యూయార్కు నగరము తొలుత డచ్చివారి వలస. హడ్సన్ నది ముఖమున మన్‌హాటన్ దీవి కొనయందు వారు కట్టుకొన్న ఊరికి న్యూ ఆమ్‌స్టర్‌డాం అని పేరు. ఆ యూరికి పదునేడవ శతాబ్ది నడుమ హాలండునుండి ఓడ యెక్కి వచ్చినవాడు క్లాస్ మార్టెన్‌సెన్ వాన్ రోసెన్వెల్ట్. వచ్చిన సంవత్సరము గూడ నిర్ధారణగ తెలియదు. వంశీయు డగు థియొడోర్ రూజ్వెల్టు తన స్వీయచరిత్రలో 1644 ప్రాంతమని వ్రాసెను. ఆ పూర్వునకు ప్రభువనియు వీరుడనియు బిరుదులు తగిలింపక, పడవ అడుగుభాగమున సామాన్యజనులతో కలసి వచ్చిన వలసదారునిగనే అధ్యక్షపదవి నలంకరించిన ఆయన తన తాతముత్తాతను పాఠకులకు పరిచయము చేసెను. క్లాస్ 1652 ప్రాంతమున లాంబర్ట్ వాన్ వాల్కెన్‌బర్గ్ అను నతనివద్ద ఇరువదినాలుగు మోర్గెనుల సేద్యపునేల కొనెను. మన లెక్కలో అది సుమారు ఏబది ఎకరములు. నేడు ఎంపైర్ స్టేట్ భవనము నిలిచియున్న స్థలము ఆ పొలములోనిదే. ఆనాడది ఊరికి వెలుపల నున్న నేల, దానిని దున్నుకొని బ్రదికినవా డొక రైతు. అతనికి జన్నెట్యె అను భార్యయందు క్రిస్టియాన్, ఎల్స్యె మొదలగు బిడ్డలు కలిగిరి. 1658లో నికొలాస్ పుట్టెను. ఆ పసివానికి ఊహ తెలియకమునుపే తల్లిదండ్రు లిరువురును గతించిరి.

ఆ పేరును విడదీసి చూచినచో ఆనాటి డచ్చి గ్రామీణుని లోకవ్యవహార మంతయు అందే కనబడును. క్లాస్ అనునది నికొలాస్ అను పేరునకు ముద్దురూపము. మార్టెన్‌సెన్ అనగా మార్టెన్ కొడుకు. వాన్ రోసెన్వెల్ట్ అనగా గులాబిపొలము అను చోటునుండి వచ్చినవాడు. నామకరణమునాటి పేరు, తండ్రి పేరు, తావు పేరు. ఈ మూడును కలిసిన నొక మనిషిని వేరొక మనిషినుండి గుర్తుపట్టుటకు చాలియుండెను. వీనిలో తండ్రి పేరు తరమునకు తరము మారుచుండును. మార్టెన్ కొడుకు మార్టెన్‌సెన్ అయినట్లే క్లాస్ కొడుకు క్లాసెన్ కావలయును, వాని కొడుకు మరియొకటి కావలయును. తావు పేరైనను, ఉన్న ఊరిలో నుండగ నెవ్వడును వాడుకొనవలసిన యక్కర యుండదు. ఊరు విడిచి పరాయిచోట నిలిచినప్పుడే మనుష్యునికి ఊరిపేరు తోడగును. తెలుగునాట కందుకూరునుండి కదలినవారు కందుకూరివా రగుటకును, వేటూరునుండి కదలినవారు వేటూరివా రగుటకును హేతు విదియే గదా! కావున అనేక డచ్చి పేళ్లు సముద్రము దాటిన పిమ్మటనే స్థిరపడినవి. యూట్రెక్టు సీమలోని డె బిల్ట్ గ్రామమునుండి 1650లో కట్టుబానిసయై పనికి వచ్చిన యాన్ ఆర్ట్‌సోన్ సంతతివారే, రెండువందల యేండ్ల పిదప అమెరికాలో ధనాధికులై లోకమెల్ల నెరిగిన వాండర్‌బిల్టులు. ఎనిమిదవ అధ్యక్షుడు మార్టిన్ వాన్ బ్యూరెన్ ఇంటిపేరు బ్యూరెన్ అను ఊరినుండి వచ్చినది. ఆయన మాతృభాషయు డచ్చియే.

1664లో ఇంగ్లీషువారి యుద్ధనౌకలు రేవులో నిలువగా, న్యూ ఆమ్‌స్టర్‌డాం పోరు లేకయే వారి వశమై న్యూయార్కు అను పేరు వహించెను. అటుపై దస్తావేజులకును, న్యాయస్థానములకును, పన్నుల పట్టికలకును తరమునకు తరము మారని పేరు కావలసివచ్చినది. తండ్రి పేరు పెట్టుకొను పాతవాడుక ఒకటిరెండు తరములలో సన్నగిలినది. క్లాస్ కొడుకు నికొలాస్ పెద్దవాడై, హడ్సన్ తీరమున ఈసోపస్ ప్రాంతమున తోళ్ల వ్యాపారము చేసి, మరల న్యూయార్కు చేరి నగరసభలో సభ్యుడయ్యెను. వాన్ అను మాటను విడిచి రూజ్వెల్టు అను నక్షరక్రమమును స్థిరపరచినవా డతడే. రాజకీయపదవి నలంకరించిన తొలి రూజ్వెల్టు గూడ నతడే. నామరూపములను ప్రభుత్వలేఖకులే దిద్దిరో, అతడే దిద్దుకొనెనో గాని, ఆనాటినుండి నేటివరకు ఆ పేరు చెక్కుచెదరక నిలిచినది. అతని కుమారులు యొహాన్నెస్ (1689), యాకోబస్ (1692) అనువారి సంతతి రెండు శాఖలై, లాంగ్ ఐలండు తీరమందలి ఆయిస్టర్ బే యని యొకటియు, హడ్సన్ ఒడ్డునందలి హైడ్ పార్కు అని యొకటియు ప్రసిద్ధిచెందినవి. ఇరువదియారవ అధ్యక్షుడు థియొడోర్ మొదటి శాఖవాడు, ముప్పదిరెండవ అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రెండవ శాఖవాడు. నికొలాస్ ఇరువురికిని ఆరవ పై తరమువాడు.

మన తెలుగు పత్రికలు ఆ పేరును రూజ్వెల్టు అని వ్రాయుట రూఢియైపోయినది. నేనును రూఢిని వదలలేదు. అయినను మొదటి యక్షరము రూకారము గాదు. దానిని రోజు అనునట్లు పలికి, మొత్తము మూడక్షరములుగ ఉచ్చరింపవలయునని 1898లో థియొడోరే యొక లేఖలో తెలిపెను.

ఇంకొక విశేషము: ఫ్రాంక్లిన్ పెండ్లాడిన ఎలియనార్, థియొడోర్ తమ్ముని కుమార్తె, పుట్టినింటి పేరును మెట్టినింటి పేరును ఆమెకు ఒక్కటియే. 1905 మార్చిలో జరిగిన ఆ వివాహమున, అప్పటికి అధ్యక్షుడుగ నున్న థియొడోర్ కన్యాదాత స్థానమున నిలిచెను. ఒకే యింటిపేరు గలవారి నడుమ సంబంధము మన తెలుగుదేశమున ఊహకైన నందదు. వారికది అడ్డము కాలేదు; రెండు శాఖలు విడివడి రెండువందల యేండ్లు దాటినవి, ఆ దేశపు వివాహనియమములును వేరు.

డచ్చి మాట ఆ యింట నెంతకాలము నిలిచినదని యడిగినచో, దానికి థియొడోర్ చెప్పిన సంగతి యొకటి కలదు. తన తాత బాల్యమున డచ్చి కొంత మాటలాడెడివాడనియు, న్యూయార్కులోని డచ్చి దేవాలయమున ఆ భాషలో నిత్యారాధన జరుగుట ఆయన చిన్నతనముతోనే ముగిసినదనియు ఆయన వ్రాసెను. మనుమలకు మిగిలినది పిల్లలకు పాడు చిన్నపాట యొకటి. పశువులు ఏయే మేతలలో దూరినవో చెప్పు పదములు అందు కలవు. అధ్యక్షపదవి విడిచి తూర్పు ఆఫ్రికాకు వేటకు పోయిన ఆ పెద్దమనిషి, అక్కడ స్థిరపడిన డచ్చి వంశీయు లగు బోయరు రైతులయెదుట ఆ పాట పాడగా, ఉచ్చారణ మొదట వారి కర్థము గాకపోయినను, పాట మాత్రము వారిలో పలువురికి తెలిసినదే యయ్యెనట. మన్‌హాటన్‌కు పోయినవారికిని, ఆఫ్రికాకు పోయినవారికిని ముత్తవ్వ లొక్క దేశమువారే గనుక, రెండువందల యేబది యేండ్ల పిదపకూడ ఆ పిల్లపాట పరిచయమునకు పనికివచ్చినది. ఆ పాట విలువ నా దృష్టిలో ఏ బిరుదున కన్నను తక్కువ గాదు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వచ్చెదను. ఆ గులాబిపొలము ఎక్కడిది? హాలండునకు నైరృతి దిక్కున, సముద్రమునకు కట్టలు కట్టి నేల సంపాదించుకొన్న జీలండ్ రాష్ట్రమున, టోలెన్ అను దీవి కలదు. అందలి ఔడ్-ఫోసెమీర్ గ్రామమున వాన్ రోసెవెల్ట్ అను భూవసతి గల కుటుంబ ముండెనని ఆ ప్రాంతపు పత్రములు తెలుపుచున్నవి. ఆ పేరు చూచి, మన క్లాస్ వారివాడే యని తలచుట సహజము. ఆ గ్రామస్థులును ఆ సంబంధమును గర్వముతో చెప్పుకొందురు. జీలండు ముఖ్యపట్టణ మగు మిడెల్‌బర్గ్‌లో రూజ్వెల్టు పేర అధ్యయనకేంద్రము 1986లో వెలసినది. 1941లో ఫ్రాంక్లిన్ తన ప్రసంగమున ప్రకటించిన నాలుగు స్వాతంత్ర్యముల పేరిట 1982నుండి ఆ పట్టణమున బహుమతు లిచ్చుచున్నారు. ఈ గౌరవము మిక్కిలి సముచితమైనది. కాని ఆ భూస్వాముల కుటుంబమునకును, మన్‌హాటన్ రైతు క్లాస్‌కును రక్తసంబంధ మున్నదని రుజువు చేయగల పత్రము మాత్రము లేదు. తావు పేరు ఆ తావున పుట్టిన యేలికకును, అక్కడ కూలికి దున్నినవానికిని, ఆ దారిని నడచిపోయి యెక్కడో స్థిరపడినవానికిని సమానముగ అంటుకొనును. మూడు గులాబీలు గల వంశచిహ్నమును, నాటినవాడే కాపాడునను లాటిన్ సూక్తిని అమెరికాలోని రూజ్వెల్టు కుటుంబము వాడుకొనినది. చిహ్నము అందమైనదే గాని అది సాక్ష్యము కాదు.

సాక్ష్యము లేనిచోట కల్పన యెంత కీడు చేయగలదో ఫ్రాంక్లిన్ జీవితమే చూపినది. ఆయనకు గిట్టనివారు, యూదులపై ద్వేషము రగిలించుటయే వ్రతముగా పెట్టుకొనినవారు, ఆయన యింటిపేరు అసలు రోసెన్‌ఫెల్డ్ అనియు, ఆయన యూదుడనియు ప్రచారము చేసిరి. హిట్లరు పక్షపు పత్రికలు దానినే పల్లవిగ పాడినవి. మిషిగన్ రాష్ట్రపు మాజీ గవర్నరు ఛేజ్ ఆస్‌బర్న్, రూజ్వెల్టులు స్పెయినునుండి వెడలగొట్టబడిన రోసొకాంపో అను యూదకుటుంబమువా రని ప్రకటించెను. డెట్రాయిట్‌లోని యొక యూదపత్రిక సంపాదకుడు ఫిలిప్ స్లోమోవిట్జ్, ఈ మాట నిజమా యని నేరుగ అధ్యక్షునే లేఖ వ్రాసి యడిగెను. అవునన్న ఒక వర్గము సంతసించును, కాదన్న మరియొక వర్గము సంతసించును; తప్పించుకొనుటకు అధ్యక్షుని కార్యదర్శులకు మార్గములు వేయి గలవు. 1935 మార్చి 7వ తేదీని ఫ్రాంక్లిన్ ఇచ్చిన ప్రత్యుత్తర మిట్టిది: ఈ దేశమున ఆ పేరు గల శాఖలన్నియు క్లాస్ మార్టెన్‌సెన్ సంతతియే యని తోచుచున్నది, అతడు 1648కి పూర్వ మెప్పుడో హాలండునుండి వచ్చెను, అక్కడ ఏ యూరివాడో, అతని తలిదండ్రు లెవ్వరో తనకు తెలియదు, అతి ప్రాచీనకాలమున వారు యూదులో, కతోలికులో, ప్రొటెస్టంటులో కావచ్చును, వారు మంచిపౌరులును, దైవభక్తులును అగుదురా యనునదే తనకు ముఖ్యము, రెండును అయియుండిరని తన యాశ.

ఆ యుత్తరమును నేను చదివినప్పుడెల్ల నాకు గౌరవము పెరుగుచున్నది. ద్వేషముతో విసరిన పేరును అవమానమని యెంచి ఆయన త్రోసివేయలేదు. యూదుడని యనిపించుకొనుట నింద యని యొప్పుకొనలేదు. తెలియనిదానిని తెలియదని చెప్పుటకు అధికారపీఠమున కూర్చున్నవానికి ఎంత ధైర్యము కావలయును! ఇంటిపేరును ఆధారముగ గొని మనుష్యుని వెలివేయజూచువారికి ఇంతకన్న సరియైన జవాబు లేదని నేను గట్టిగ నమ్ముచున్నాను. ఇది ఆయనకు ముదిమిలో కలిగిన బుద్ధియు గాదు. 1901లో హార్వర్డు విద్యార్థిగ నుండగనే, తన కుటుంబముయొక్క పూర్వచరిత్రను గూర్చి వ్యాసము వ్రాసి, పుట్టుకనే నమ్ముకొని చేతులు ముడుచుకొనక పాటుపడుటవలననే ఆ వంశము నిలద్రొక్కుకొన్నదని ఆయన తీర్మానించెను.

సత్యము చెప్పవలయునన్న, గొప్పలను మాత్రమే యెత్తి చెప్పుట చాలదు. ఫ్రాంక్లిన్ ముత్తాతకు తండ్రి యగు ఐజాక్ రూజ్వెల్టు 1788లో అమెరికా రాజ్యాంగమును ఆమోదించిన న్యూయార్కు మహాసభలో సభ్యుడు, న్యూయార్కు బ్యాంకునకు అధ్యక్షుడు. అతని సిరికి మూలము చక్కెర శుద్ధిచేయు కర్మాగారము. ఆ ముడిచక్కెర వచ్చినది వెస్టిండీసు దీవుల తోటలనుండి. ఆ తోటలలో చెరకు నరికినవారు ఆఫ్రికానుండి చెరపట్టి తేబడిన బానిసలు. వంశచరిత్ర వ్రాయువారు ఒక పుటలో రాజ్యాంగసభను వ్రాసి మరియొక పుటలోని చక్కెరను దాటవేసినచో అది స్తోత్రపాఠమగును, చరిత్ర కానేరదు.

హాలండులో మిగిలినవారి యింటిపేళ్ల కథ వేరుదారిని నడచినది. పశ్చిమప్రాంతపు పట్టణములలో స్థిరమైన యింటిపేళ్లు ఎప్పుడో యేర్పడియుండెను. ఉత్తరమున ఫ్రీస్‌లండ్ మొదలగుచోట్ల జనులు తండ్రి పేరుతోనే తృప్తిపడుచుండిరి. నెపోలియను ఆ దేశమును 1810లో తన సామ్రాజ్యమున కలుపుకొని, 1811 ఆగస్టులో ప్రతివాడును ఇంటిపేరు నమోదు చేయించుకొనవలయునని శాసించెను. అది తాత్కాలికమగు పీడ యని తలచి జనులు వెక్కిరింపుపేళ్లు వ్రాయించిరనియు, అవే వారి మనుమల మెడకు చుట్టుకొనెననియు ఒక కథ యూరూర చెప్పుదురు. వినుటకు వేడుకగ నున్నను, పరిశోధించి చూచినచో వింతపేళ్లలో పెక్కింటికి ఆ శాసనమునకు పూర్వమే పుట్టుక కలదు. ఇట్టి కథలను మాని, తండ్రి పేరో, వృత్తియో, తావో, వయస్సో చెప్పు ఆ నిరాడంబరమైన పేళ్లను ఉన్నవి యున్నట్లుగ చదువుటయే ఆ పూర్వులకు మనము చూపగల మర్యాద. నేడు ఆ దేశమున అత్యధికముగ వినబడు పేళ్లు డె యోంగ్, యాన్సెన్, డె వ్రీస్. చిన్నవాడు, యాన్ కొడుకు, ఫ్రీస్‌లండువాడు అని వాని యర్థములు. ఇందు రాజులును లేరు, రథములును లేవు.

క్లాస్ పడమటికి ఓడ యెక్కిన ఆ కాలమునందే అతని దేశీయు లనేకులు తూర్పున మన తీరమునకు వచ్చిరి. 1602లో నెలకొన్న వారి ఈస్టిండియా కంపెనీ గోలకొండ సుల్తానునుండి అనుజ్ఞ పొంది, బందరులో కోఠీ తెరచి, పాలకొల్లు, ద్రాక్షారామము, భీమునిపట్నము మొదలగుచోట్ల బట్టలవర్తకము సాగించినది. మనవారు వారిని వలందావా రనిరి. బందరులో వలందపాలెము అను పేట నేటికిని కలదు. 1824 నాటి సంధివలన వారి కడపటి స్థావరములు ఇంగ్లీషువారి పరమైనవి. బందరులోను భీమునిపట్నములోను వారి సమాధులు మిగిలియున్నవి. ఆ రాతిపలకలపై డచ్చి భాషలో చెక్కబడిన పేళ్లలో తండ్రి పేరును, తావు పేరును ఒకదాని ప్రక్క నొకటి నేటికిని చదువవచ్చును. క్లాస్ యెక్కిన యోడ తూర్పునకు సాగినదే యైనచో అతని పేరు గూడ మన సముద్రపుగాలిలో ఒక పలకపై నుండెడిదే.

మనవారిలో వంశవృక్షములు గీయించుకొను వేడుక యీమధ్య పెరిగినది. విదేశములలో నున్న తెలుగువారిలో ఇంకను హెచ్చు. ఇది మంచిదే. కాని మూడు నాలుగు తరముల పేళ్లు చెప్పలేక, ఎకాయెకి ఏ చక్రవర్తికో, ఏ ఋషికో వంశము కట్టి అచ్చువేయుట నాకు సమ్మతము గాదు. అట్టి వృక్షములకు మొదలు ఉండదు. పైపెచ్చు, పక్కయింటివారికి అట్టి మొదలు లేదని వారిని తక్కువచూపు చూచుటకు అవి సాధనములగుచున్నవి. ఇంటిపేరు వినగానే ఎదుటివాని కులమేదని వెదకుకొను దురభ్యాసమునకు ఈ కల్పనలే నీరు పోయుచున్నవి. రోసెన్‌ఫెల్డ్ అని ఫ్రాంక్లిన్‌ను దూషించినవారు చేసినదియు నింతకు వేరు గాదు.

కావున చదువరులకు నా విన్నప మిది. మీ యింట పాత క్రయపత్రములు, శిస్తు రసీదులు, పెండ్లిపత్రికలు, అవ్వలు తాతలు చేతివ్రాతను వ్రాసిన జాబితాలు ఉన్నచో వానిని చెదలపాలు గాకుండ ప్రతులు తీయించి యుంచుడు. కాశీ గయలకు పోయినప్పుడు మీ పెద్దలు పండాల పుస్తకములలో వ్రాసిన వ్రాతలను అడిగి చూచి, నకలు వ్రాసికొనుడు. ఇంటనున్న వృద్ధులను వారి పుట్టిన యూరు, తల్లిపుట్టిల్లు, వలసవచ్చిన కారణము అడిగి, తేదీ వేసి వ్రాయుడు. ఆడవారి పేళ్లను విడువకుడు. ఎక్కడ ఆధార మాగిపోవునో అక్కడ గీత గీసి, అంతకు పైన తెలియదని స్పష్టముగ వ్రాయుడు. బందరు, భీమునిపట్నము డచ్చి సమాధులపైని అక్షరములు ఏటేట అరిగిపోవుచున్నవి. వానిని పూర్తిగ చదివి, తెలుగు తాత్పర్యముతో నొక పుస్తకముగ వెలువరించు పనికి మన విశ్వవిద్యాలయములును పురావస్తుశాఖయు ఆలస్యము లేక పూనుకొనవలయును.